ట్రైలర్‌లో గ్యాస్ వాటర్ హీటర్ అంటుకుంటోంది, ఐదారు సెకన్లకే ఆరిపోతోంది

ఫ్రిస్కో_తెనాలి

అందరికీ నమస్తే. మేం ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఏప్రిల్‌లో ఒక పాత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) కొన్నాం, 2015 మోడల్, 24 అడుగులది. ఎండాకాలమంతా స్టోరేజీలో పడేసి పోయిన వారం మొదటిసారి టెక్సాస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కెన్యన్ పార్కుకి తీసుకెళ్లాం. సైట్‌లో కరెంటు, నీళ్లు రెండూ ఉన్నాయి, అంతా బాగానే ఉంది, వాటర్ హీటర్ ఒక్కటి తప్ప.

లోపల స్విచ్ వేస్తే బయట టక్ టక్ టక్ అని స్పార్క్ వినిపిస్తుంది, భుప్ అని మంట అంటుకుంటుంది, ఐదారు సెకన్లు ఉండి ఆరిపోతుంది. మళ్లీ టక్ టక్. ఇలా మూడుసార్లు చేసి స్విచ్ పక్కన ఎర్రలైటు వెలుగుతుంది, ఇక స్విచ్ ఆపి మళ్లీ వేస్తే తప్ప ఉలుకూ పలుకూ ఉండదు. పొయ్యి మాత్రం చక్కగా వెలుగుతోంది. సిలిండర్లు రెండూ 20 పౌండ్లవి, నిండుగానే ఉన్నాయి. హీటరు 6 గ్యాలన్లది, గ్యాస్ మీద మాత్రమే పనిచేసే రకం, కరెంటు ఎలిమెంటు లేదు.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. కార్తీక మాసం కదా, తెల్లవారుజామున తలస్నానం అయితే గానీ కాఫీ కూడా ముట్టరు. అక్కడేమో ఎముకలు కొరికే చలి. మూడు రోజులూ నేను నాలుగున్నరకే లేచి ఒక పొయ్యి మీద ఇడ్లీ పాత్రలో, ఇంకో పొయ్యి మీద పప్పుగిన్నెలో నీళ్లు కాచి ఆ చిన్న బాత్రూమ్‌లోకి మోసాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే హీటర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయుంటుంది, బండి తీసుకురండి, మూడు వారాల తర్వాత డేట్ ఇస్తాం అన్నారు. బోర్డు, లేబర్ కలిపి 400 డాలర్ల దాకా అవుతుందట. నిజంగా బోర్డేనా? నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకు మించి రాదు.

చక్రాలిల్లు

చూడకుండా ఫోన్లోనే బోర్డు అని ఎలా చెప్పేస్తారో నాకు అర్థం కాదు.

ఒకటి అడుగుతా. సిలిండర్ వాల్వ్ ఎలా తెరుస్తున్నారు? ఇంటి దగ్గర నాబ్ తిప్పినట్టు గభాలున తిప్పేస్తే ఇక్కడి సిలిండర్ గొట్టాల్లో ఉండే సేఫ్టీ, ఎక్కడో గొట్టం తెగి గ్యాస్ పోతోందనుకుని దారి మూసేస్తుంది, సన్నగా మాత్రమే వదులుతుంది. ఆ కాస్త గ్యాస్‌తో ఒక పొయ్యి వెలుగుతుంది గానీ హీటర్‌కి చాలదు, అది గంటకు 12,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) దాకా తాగుతుంది. కాబట్టి పొయ్యి వెలుగుతోంది, గ్యాస్ బాగానే ఉంది అనుకోవడానికి లేదు. వాల్వ్ పూర్తిగా మూసి, ఒక నిమిషం ఆగి, చాలా మెల్లగా తెరవండి. తర్వాత పొయ్యి మీదున్న బర్నర్లన్నీ ఒకేసారి వెలిగించి చూడండి. ఒకటి వెలిగిస్తే రెండోది కుంగిపోతుంటే గ్యాస్ సరిగ్గా రావట్లేదు, రెగ్యులేటర్ చూసుకోవాలి. అన్నీ నిటారుగా నీలంగా వెలిగితే గ్యాస్ గొడవ కాదు, హీటర్ దగ్గరే ఏదో ఉంది.

సిన్సి_రాజు

నాకూ అచ్చం ఇదే జరిగింది బ్రో. బోర్డు మార్చా, అయిపోయింది. ఆన్‌లైన్‌లో 130 డాలర్లు, పావుగంట పని. ఆలోచించకండి, మార్చేయండి.

హ్యూస్టన్_చల్లగాలి

రాజు గారూ, మీకు పోయింది బోర్డే అయ్యుండొచ్చు. కానీ బోర్డు మార్చేటప్పుడు వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టుంటారు కదా, తుప్పు పట్టిన కనెక్షన్ ఆ పీకుడుకే శుభ్రమై బాగుపడి ఉండొచ్చు కూడా. నేను చూసినవాటిలో అలాంటివి బోలెడు.

నా ఉద్యోగమే ఏసీలు, ఫర్నేసులు. ఫ్రిస్కో గారూ, మీరు రాసిన ఐదారు సెకన్లలోనే సగం జవాబు ఉంది. స్పార్క్ వస్తోంది, అంటే బోర్డు బతికే ఉంది. మంట అంటుకుంటోంది, అంటే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటోంది. బాగానే వెలిగిన మంట ఎందుకు ఆరుతోంది? బోర్డే ఆర్పుతోంది. ఎందుకంటే మంట ఉందని దానికి తెలియట్లేదు.

దానికి కళ్లు లేవు కదా. బర్నర్ ముందు ఒక సన్నటి లోహపు కడ్డీ ఉంటుంది. స్పార్క్ కొట్టేది అదే, తర్వాత మంటను కనిపెట్టేదీ చాలా మోడళ్లలో అదే. మంటలోంచి కరెంటు పారుతుంది, మైక్రో ఆంపుల్లో ఉండే అతి చిన్న కరెంటు. కడ్డీ నుంచి మంట గుండా బర్నర్ ఇనుముకి, అక్కడినుంచి ఎర్త్‌కి ఆ కరెంటు పోతుంటే బోర్డు 'సరే, మంట ఉంది' అనుకుంటుంది. కొన్ని సెకన్లలో ఆ కరెంటు కనబడకపోతే, వెలగని గ్యాస్ ఊరికే పోతోందనుకుని వాల్వ్ మూసేస్తుంది. దాని పని అది చేస్తోంది పాపం, మనం దాన్నే తిడుతున్నాం.

కాబట్టి చూడాల్సింది మంటని. ఒకరు లోపల స్విచ్ వేయండి, ఒకరు బయట హీటర్ తలుపు తీసి పక్కన నిలబడి చూడండి, మొహం దగ్గర పెట్టకుండా. మంట నీలంగా, గట్టిగా, చిన్నపాటి జెట్ హోరుతో కడ్డీని పూర్తిగా చుట్టుకుని ఉంటే కడ్డీ మురికో, ఎర్త్ స్క్రూ తుప్పో, వైరు వదులో అయ్యుంటుంది. అదే మంట పసుప్పచ్చగా, దీపంలా ఊగుతూ పైకి తేలిపోతుంటే బర్నర్ గొట్టంలో ఏదో అడ్డం ఉంది, గాలి సరిగ్గా కలవట్లేదు, అందుకే మంట కడ్డీకి తగలట్లేదు. తలుపు జాలీ మీద నల్లటి మసి ఉందేమో కూడా చూడండి. పసుపు మంటని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. ట్రైలర్లో ఆ అలారం ఉంటుంది, అది ఎన్నేళ్ల కిందటిదో వెనక తేదీ చూడండి, వాటికీ ఆయుష్షు ఉంటుంది.

గొట్టం తీసేముందు సిలిండర్లు మూయండి, స్విచ్ ఆపండి, చల్లారనివ్వండి. గొట్టం ఒకటి రెండు స్క్రూల మీదే ఉంటుంది. దాన్ని సీసాలు కడిగే బ్రష్‌తో తోమొచ్చు. కానీ గ్యాస్ బయటికొచ్చే ఆ ఇత్తడి ముక్కు ఉంటుంది చూడండి, సూదిమొనంత బెజ్జం, దాంట్లో పిన్నీసు, తీగ, ఏదీ పెట్టొద్దు. ఎంత గ్యాస్ రావాలన్నది ఆ బెజ్జమే లెక్క కడుతుంది, వెంట్రుకవాసి పెద్దదైనా మంట మారిపోతుంది. నోటితో ఊదితే చాలు. కడ్డీని గిన్నెలు తోమే స్టీల్ పీచుతో నెమ్మదిగా రుద్దండి, వంచొద్దు, దానికీ బర్నర్‌కీ మధ్య ఎడం మూడు మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. అన్నీ బిగించాక, మీరు ఊడదీసిన ప్రతి గ్యాస్ జాయింటుకీ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, పైకి పోదు, నేలమీదే పేరుకుంటుంది.

ఫ్రిస్కో_తెనాలి

అప్‌డేట్. ముందు చక్రాలిల్లు గారు చెప్పినట్టు బర్నర్లు మూడూ కలిపి వెలిగించా, మూడూ నీలంగానే ఉన్నాయి. తర్వాత మా ఆయన లోపల స్విచ్ వేస్తే నేను బయట చూశా. పసుపు మంట! అచ్చం కార్తీక దీపంలాగే, ఊగుతూ పైకి పోతోంది, కడ్డీ కింద ఎక్కడో ఉండిపోయింది. మసి కూడా ఉంది, నేనది పాత మరక అనుకున్నా.

గొట్టం ఊడదీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది, స్క్రూ తుప్పు పట్టి రాలేదు. తీసి ఎండలో పెట్టి చూస్తే అవతలివైపు వెలుతురే కనబడలేదు. బ్రష్ పెట్టి పొడిస్తే ఎర్రమట్టి గడ్డలు రాలాయి, బొటనవేలంత ఉంది మొత్తం, ఇటుకలా గట్టిగా. ఒక గడ్డ పగిలితే లోపల చిన్న చిన్న గదులు, ఆ గదుల్లో ముడుచుకుపోయిన సాలీళ్లు ఐదో ఆరో. నాకు వళ్లు జలదరించింది, మావాడు మాత్రం ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు.

గొట్టం కడిగి ఆరబెట్టి, కడ్డీ రుద్ది, బిగించి, సబ్బునీళ్లు రాసి స్విచ్ వేశా. ఒక్క టక్‌కే హోరుమని నీలం మంట! ఆగలేదు! పది నిమిషాలు అలా చూస్తూ నిలబడ్డా.

కానీ కథ అయిపోలేదు. అరగంట తర్వాత ట్యాప్ తిప్పితే నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. మంట దానంతట అదే ఆగింది, అంటే ట్యాంకులో నీళ్లు కాగాయనే కదా? మరి వేడి ఎక్కడికి పోతోంది?

హ్యూస్టన్_చల్లగాలి

అది మట్టి గూడు కట్టే కందిరీగ, ఇక్కడ మడ్ డాబర్ అంటారు. సాలీళ్లను కుట్టి పడగొట్టి, పిల్లలకి తిండిగా ఆ గదుల్లో దాచి మూసేస్తుంది. ఎండాకాలం స్టోరేజీలో పడుకున్న బండి దానికి మంచి అద్దె ఇల్లు. జాలీకి సన్నటి దోమతెర బిగించమని అమ్ముతుంటారు, అది పెట్టేముందు మీ హీటర్ మాన్యువల్ చూడండి, గాలి తగ్గుతుందని కొందరు తయారీదార్లు వద్దంటారు. నేనైతే తెర పెట్టను, సీజన్ మొదట్లో ఒకసారి గొట్టం తీసి చూసుకుంటా.

మంట ఆగింది అంటే థర్మోస్టాట్ ఆపింది, ట్యాంకులో వేడి ఉంది. 6 గ్యాలన్లకి అరగంట మామూలే. మీది ఇప్పుడు నీళ్ల గొట్టాల సంగతి, అందులో నాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

రోడ్డెక్కిన_అత్త

ఉన్నాను ఉన్నాను. అమ్మాయ్, రెండు చోట్ల చూడు.

మొదటిది బైపాస్. చలికాలానికి ముందు గొట్టాలు గడ్డకట్టకుండా పింక్ మందు పోస్తారు కదా, అది హీటర్‌లోకి పోకుండా దారి మళ్లించడానికి హీటర్ వెనక, ట్రైలర్ లోపలివైపు, వాల్వులు ఉంటాయి. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి మూడు. పాత ఓనరు వదిలేసిన బైపాస్ సగం తెరిచి ఉన్నా చన్నీళ్లు నేరుగా వేడిలైన్లో కలుస్తాయి.

రెండోది, నా పందెం దీనిమీదే. బయట కాళ్లు కడుక్కునే షవర్ ఉంటుంది కదా గోడలో చిన్న తలుపు వెనక? చాలామంది షవర్ తల మీదున్న మీట నొక్కి నీళ్లు ఆపేస్తారు, వెనక వేడి, చన్నీళ్ల ట్యాపులు రెండూ తెరిచే వదిలేస్తారు. చుక్క కూడా కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ లోపల ఆ రెండు లైన్లూ అక్కడ కలిసిపోయి ఉంటాయి, వంటింట్లో వేడి ట్యాప్ తిప్పినా అక్కడి చన్నీళ్లు వచ్చి కలుస్తుంటాయి. మాకు రెండేళ్లు పట్టింది కనుక్కోవడానికి, రెండేళ్లూ మా ఆయన హీటర్‌ని తిడుతూనే ఉన్నారు.

తేల్చుకోవాలంటే హీటర్ ఆపి, చన్నీళ్లు హీటర్‌లోకి పోయే వాల్వ్ మూసి, వేడి ట్యాప్ తిప్పు. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఎక్కడో కలుస్తున్నట్టే. పరీక్ష అయ్యాక ఆ వాల్వ్ తెరవడం మర్చిపోకు. ట్యాంకు ఖాళీగా ఉండగా హీటర్ ఎప్పుడూ వేయొద్దు.

సిన్సి_రాజు

పనిలో పని, నాదొక డౌట్. మా ట్రైలర్లో వేడినీళ్లు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నాయి. గ్యాస్ లీకా?

హ్యూస్టన్_చల్లగాలి

ముందు ఇది తేల్చుకోండి. వాసన వేడి ట్యాప్ తిప్పినప్పుడు మాత్రమే, నీళ్లతోనే వస్తోందా? అయితే గ్యాస్ కాదు, నిలవ నీళ్లలో పెరిగిన బ్యాక్టీరియా. ట్యాప్ కట్టేసి ఉన్నా గదిలో వాసన ఉంటే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి రండి, సిలిండర్లు మూసేయండి. ప్రొపేన్‌కి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని అలాంటి కంపు కలుపుతారు, అందుకే రెండూ ఒకేలా అనిపిస్తాయి.

నీళ్లదే అయితే హీటర్ ఆపి, చల్లారాక, వేడి ట్యాప్ తిప్పి ప్రెషర్ తీసేసి, అప్పుడు ట్యాంకు కింద ప్లగ్ విప్పండి. ప్రెషర్ తీయకుండా విప్పితే మీ మొహానికే స్నానం. ఆ ప్లగ్‌కి పొడుగాటి కడ్డీ తగిలించి ఉంటే మీది స్టీల్ ట్యాంకు, ఆ కడ్డీ ట్యాంకు బదులు తాను అరిగిపోవడానికి పెట్టింది. ముప్పావు వంతు అరిగితే మార్చండి. ఉత్త ప్లాస్టిక్ ప్లగ్గే వస్తే అల్యూమినియం ట్యాంకు అయ్యుంటుంది, దానికి కడ్డీ పెట్టక్కర్లేదు. లోపలి పాచి, సున్నం అంతా కడిగేసి తాజా నీళ్లు నింపండి, చాలావరకు వాసన పోతుంది.

ఫ్రిస్కో_తెనాలి

అత్తగారూ (రోడ్డెక్కిన అత్తగారు, మా అత్తగారు కాదు), పందెం మీదే. బయట షవర్ తలుపు తీస్తే రెండు ట్యాపులూ బార్లా తెరిచి ఉన్నాయి. చేసింది మావాడే. కెన్యన్‌లో ఎర్రమట్టిలో ఎగిరొచ్చి రోజూ అక్కడే కాళ్లు కడుక్కున్నాడు, తల మీద మీట నొక్కేసి వచ్చేవాడు, ట్యాపులు ఎవరు కడతారు. రెండూ కట్టేసి వంటింట్లో వేడి ట్యాప్ తిప్పితే పొగలు కక్కుతూ వచ్చాయి. బైపాస్ కూడా చూశా, సరిగ్గానే ఉంది. డీలర్ దగ్గర డేట్ క్యాన్సిల్ చేశా.

ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే ట్రైలర్ ఉంది. మా అత్తగారిని తీసుకెళ్లి ట్యాప్ తిప్పి చూపించా. చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. "ఇంత వేడా తల్లీ, చన్నీళ్లు కలుపు" అన్నారు.