ఈ వారం సమస్య: ఉప్పునీటఁ దీపి యూట పుట్టె

నరసాపురం మాస్టారు:
అందరికీ వందనాలండి. ఈసారి ఆటవెలది, నాలుగో పాదం ఇస్తున్నా, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

ఉప్పునీటఁ దీపి యూట పుట్టె

కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా, ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు తర్వాత రెండు ఇంద్రగణాలు, రెండూ నాలుగూ పాదాల్లో ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది పొసగాలి. పైన ఉ-కీ ఊ-కీ కుదిరింది చూడండి. ప్రాస అక్కర్లేదు.

ఒక్క షరతు. బైబిల్లో 34వ కీర్తనలో దావీదు "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" అన్నాడు గదా, విని తెలిసికొనుడి అనలేదు. అప్పటికి ఆయన సింహాసనం మీద కూడా లేడండి, సౌలు రాజుకి భయపడి పారిపోయి పరాయి రాజు దగ్గర ఇరుక్కుని, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించి బయటపడ్డ మనిషి, ఆ నోటితో రుచి చూడండి అంటున్నాడు. కాబట్టి మీ నాలుక మీద పడిందే రాయండి, ప్రసంగంలో విన్నది వద్దు.

రాజోలు బాబాయి:
మాస్టారూ, సమస్య బైబిల్ వాక్యానికి ఎదురు పోతోందేమో ఆలోచించండి. యాకోబు పత్రిక 3:12లో ఉప్పు నీళ్ళలోంచి తియ్యటి నీళ్ళు ఊరవనే ఉంది గదా.

నరసాపురం మాస్టారు:
బాబాయిగారూ, ఆ మాట చూసుకునే ఇచ్చానండి. యాకోబు అక్కడ చెప్పేది నాలుక సంగతి, ఒకే నోట్లోంచి స్తుతీ శాపమూ రావడం తగదని. ఉప్పు ఊట తనంతట తాను తియ్యబడదు, నిజమే, అందుకే తియ్యబడిందంటే ఎవరిదో చెయ్యి పడిందన్నమాట. మోషే కాలంలో మారా అనే చోట చేదు నీళ్ళయినా చెట్టు వేసిన తర్వాతేగా మధురమయ్యింది. ఆ చెయ్యి ఎక్కడ తగిలిందో అదే పూరణలో రావాలి.

లంక కుర్రాడు:
నా పూరణ మాస్టారూ. 2 రాజులు రెండో అధ్యాయం, ఎలీషా ప్రవక్త యెరికోలో ఊట బాగుచేసిన కథ.

యెరికొ యూటఁ జేరి యెలిషా విసరె నుప్పు
చేదు పోయి నీరు సేద తీర్చె
నాటి మేలు నేడు నా యూరి బోరులో
ఉప్పునీటఁ దీపి యూట పుట్టె

రెండో పాదంలో చే-కి సే వేశాను, చెల్లుతుందా?

నరసాపురం మాస్టారు:
చెల్లుతుంది, చ-జలకీ శ-ష-సలకీ సరస యతి. ఉప్పు వేస్తే నీళ్ళు బాగుపడ్డ ఘట్టం పట్టుకోవడం చాలా బాగుంది తమ్ముడూ, సమస్యకి ఇంతకంటే దగ్గర కథ దొరకదు. కానీ మూడో పాదం దగ్గర ఆగాను. మీ బోర్లో నిజంగా తియ్యనీళ్ళు పడ్డాయా?

లంక కుర్రాడు:
లేదండి. చుట్టూ రొయ్యల చెరువులు, ఇప్పటికీ ఉప్పే. పద్యం కోసం అలా వేశాను.

నరసాపురం మాస్టారు:
అయితే ఆ పాదం తీసెయ్యి నాన్నా. ఆయన మేలు చెప్పడానికి జరగనిది జరిగిందనక్కర్లేదు, అలా అంటే నిజంగా జరిగింది కూడా ఎవరూ నమ్మరు. బోరు ఉప్పుగానే ఉన్న ఇంట్లో నువ్వు ఇన్నాళ్ళూ ఏం తాగి బతికావో అది రాయి.

అంతర్వేది అక్క:
మాది వేట కుటుంబం. ఛందస్సు ఈ మధ్యే నేర్చుకుంటున్నా, తప్పులుంటే చెప్పండి.

ఇసుక దిబ్బ తవ్వి యిన్ని నీళ్ళకు వేచి
సంద్రమెదుట నిలిచి గంట గడిపి
దోసిలొగ్గి తాగి దొరఁ గొల్చె మా యమ్మ
ఉప్పునీటఁ దీపి యూట పుట్టె

ఇది చూసి రాసిందే. వాన నీళ్ళు ఇసకలోకి ఇంకి, బరువు తక్కువ కాబట్టి కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతాయంట, చెలమ తియ్యాలంటే లోతుగా తవ్వకూడదు, ఆశపడి ఇంకో మూరెడు తవ్వితే ఉప్పు తగులుతుంది. అమ్మ చేత్తోనే తవ్వేది, ఊరిన కాసినీ చిప్పతో తోడుకుని మళ్ళీ ఊరేదాకా కూర్చునేది, మొదటి దోసిలి మాత్రం కళ్ళు మూసుకునే తాగేది.

నరసాపురం మాస్టారు:
గణాలన్నీ సరిపోయాయమ్మా, రెండో పాదంలో యతి తప్పింది, సం-కి గం కుదరదు. గంట తీసి జాము పెట్టు, సరస యతి వస్తుంది.

అంతర్వేది అక్క:
ఎండాకాలం జామే పట్టేదండి మాస్టారూ, గంట అని నేనే తక్కువ రాశాను.

పాలకొల్లు నర్సు:
కన్నతల్లి కరిగి కడతేరు వేళలో
చేయి పట్టి యేడ్చి చెంత నుంటి
నీవె తోడటంచు నిన్ను బిలువఁ గంటి
యుప్పునీటఁ దీపి యూట పుట్టె

రాజోలు బాబాయి:
"గంటి" దగ్గర పాదం విరిచి కంటి ఉప్పునీరు చేశావు తల్లీ, నేనైతే సముద్రం, బోరు దాటి ఆలోచించలేదు. కానీ మరి ఆ తీపి ఏంటో పద్యంలో లేదు.

పాలకొల్లు నర్సు:
అవునండి, నాలుగు పాదాల్లో పట్టలేదు. నేను అడిగింది అమ్మ బతకాలని, అది దొరకలేదు. ఇన్నేళ్ళ డ్యూటీలో ఎంతమందికో ధైర్యం చెప్పాను గానీ నా వంతు వచ్చేసరికి ఒక్క మాట గుర్తు రాలేదు, అలా ఏడుస్తుంటే ఊపిరి అందని మనిషి నా చెయ్యి తట్టి, దేవుడా దీనికి భయం తీసెయ్యి అని మెల్లగా అడిగింది, తన కోసం కాదు నా కోసం. తెల్లారేదాకా ఆ గదిలో మేం ఇద్దరమే కాదని నాకు తెలుస్తానే ఉంది. ఇంతకంటే చెప్పలేనండి.

రాజోలు బాబాయి:
చాలమ్మా. పద్యం అలాగే ఉంచు, ముట్టుకోవద్దు.

లంక కుర్రాడు:
మాస్టారూ, మళ్ళీ రాశాను. కాలవలు కట్టేసిన నెలల్లో మా వీధిలో జరిగేది ఇదే.

బోరు నీళ్ళలోకి పోటెక్కె నుప్పంత
ఎదుటి యింటి మామ్మ యిచ్చె బిందె
తాగి చూడఁ దెలిసెఁ దండ్రి మంచితనము
ఉప్పునీటఁ దీపి యూట పుట్టె

మామ్మ మంచినీళ్ళ చెరువు దాకా నడిచి రెండు బిందెలు తెచ్చుకుంటే ఒకటి మా గుమ్మంలో పెట్టేసి పోతుంది, అడిగితే మీ ఇంట్లో పసిపిల్ల ఉందిగా అంటుంది. ఇన్నాళ్ళూ నేను ప్రార్థనలో బోరు బాగుపడాలనే అడుగుతూ వచ్చాను, బిందె వంక చూడలేదు.

నరసాపురం మాస్టారు:
ఎ-కి ఇ, త-కి ద, అన్నీ సరిపోయాయి. "తాగి చూడఁ దెలిసె" దగ్గర దావీదు మాట మన బిందెలోకి వచ్చేసింది. ఈ వారానికి నాకు నచ్చింది ఇదే. మామ్మగారికి వినిపించావా?

లంక కుర్రాడు:
ఆయ్, సాయంత్రమే వినిపించానండి. ఆవిడకి చదువు రాదు, రెండో పాదం మాత్రం మూడుసార్లు చెప్పించుకుంది.