లా ఫెనీచే: కాలిపోయిన నాటకశాలని అచ్చం పాతదానిలాగే కట్టడం సబబేనా?

సున్నపుగోడ:
వెనిస్‌లోని లా ఫెనీచే ఒపేరా థియేటరు గురించి చాన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. తెలియనివారి కోసం ముందు సంగతి చెబుతాను. 1996 జనవరి 29 రాత్రి అది తగలబడింది. అక్కడ పనిచేస్తున్న ఇద్దరు ఎలక్ట్రీషియన్లే, పని ఆలస్యమై జరిమానా కట్టాల్సి వస్తుందని నిప్పుపెట్టారని 2001లో కోర్టు తేల్చింది. పక్క కాలువలో పూడిక తీయడానికి నీళ్ళు తోడేసి ఉన్నారు, ఫైరు పడవలు దగ్గరికి రాలేకపోయాయి. బయటి గోడలు నిలిచాయి. జనం కూర్చునే హాలు మాత్రం పూర్తిగా పోయింది.

అప్పుడు ఊరు ఎంచుకున్న మాట ‘కొమెరా, దొవెరా’. అంటే ‘ఉన్నట్టే, ఉన్నచోటే’. 1902లో కూలిన సాన్ మార్కో గంట గోపురాన్ని 1912కల్లా మళ్ళీ లేపినప్పుడు అన్న మాటే అది. ఆ ప్రకారమే కట్టి 2003 డిసెంబరు 14న తెరిచారు. నాకు ఇది మింగుడుపడదు. 1792లో జానంతోనియో సెల్వా దీన్ని మొదట కట్టినప్పుడు దేనికీ నకలు తీయలేదు. సాన్ బెనెడెట్టో థియేటరు కోర్టు తగాదాలో చేజారితే, దాన్ని పోగొట్టుకున్న సంఘం తన కాలానికి తగ్గ కొత్తది కట్టుకుని ఫెనీచే అని, బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి పేరు పెట్టుకుంది. ఆ తెగువ మన కాలానికి ఎందుకు లేకపోయింది?

శృతిపెట్టె:
ఒపేరా హాలంటే ఉత్త భవనం కాదండీ, అదొక వాయిద్యం. మైకు లేకుండా పాడేవాళ్ళ గొంతు ఆర్కెస్ట్రాని దాటుకుని చివరి వరుసదాకా రావాలంటే ఆ చెక్కా, గుర్రపునాడా ఆకారం, గుల్లగా ఉన్న నేలా అన్నీ పనిచేయాలి. బొబ్బిలి వీణ పగిలితే మళ్ళీ పనస దుంగే తెచ్చి అవే కొలతల్లో తొలుస్తారు. కొత్త కాలమని కుండ ఆకారం మార్చరు.

ఇంకో మాట. కాలిపోవడానికి కొద్ది నెలల ముందే లాంబెర్టో ట్రోంకిన్ అనే ధ్వనిశాస్త్ర పరిశోధకుడు ఆ హాల్లో శబ్దం ఎలా మసలుతుందో కొలిచి రికార్డు చేసి పెట్టాడు. హాలు పోయినా దాని నాదం తాలూకు ముద్ర మిగిలింది. అది చేతిలో ఉండగా వేరే ఆకారం ఎందుకు?

కృష్ణఒడ్డు:
శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలింది. రాయలవారు 1516లో కట్టించినది. మళ్ళీ అక్కడే, అలాగే కట్టుకున్నాం. దాన్ని నకలు అని ఎవరైనా అన్నారా? మనకు జీర్ణోద్ధారణ అనే మాటే ఉంది.

సున్నపుగోడ:
కృష్ణఒడ్డు గారూ, గుడికి సంప్రోక్షణ ఉంది, లోపల దేవుడున్నాడు. నాటకశాలకి ఆ ఆధారం లేదు కదా. టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు ఇదే ఒపేరా స్వరకర్త వెర్డీ నడిచిన హాలు అనుకుని వెళ్తున్నారు. నా బాధ అదీ.

తాళపత్రం:
మీరిద్దరూ ‘పాతది’ అంటున్నారు. ఏ సంవత్సరపు పాతది? నాకు అసలు చిక్కంతా అక్కడే కనిపిస్తోంది.

సెల్వా కట్టిన హాల్లో బాక్సులన్నీ, అంటే గోడ చుట్టూ అంతస్తులుగా ఉండే చిన్న గదుల్లాంటి సీట్లన్నీ, ఒకే తీరున ఉండేవి, వెనిస్ అప్పటికి గణతంత్రం. 1807లో నెపోలియన్ వస్తున్నాడని మధ్యలో బాక్సులు కొట్టేసి రాజుగారికి పెద్దది చేశారు. ఆస్ట్రియా పాలన మీద లేచిన 1848 తిరుగుబాటులో ఆ రాజబాక్సుని పీకేసి మళ్ళీ మామూలు బాక్సులు పెట్టారు. తిరుగుబాటు అణగగానే అది తిరిగొచ్చింది. ఆ నాలుగు గజాల జాగాలోనే ఊరి చరిత్ర మొత్తం కనిపిస్తుంది. ఇక సెల్వా హాలు 1836 డిసెంబరులోనే ఒకసారి కాలింది. మెదూనా సోదరులు ఏడాదిలో లేపి 1837 డిసెంబరు 26న తెరిచారు. 1854లో వారిలో ఒకరైన జాంబాతిస్తా మెదూనా హాలు లోపలి అలంకరణంతా మార్చేశాడు. 1996లో కాలింది ఆ 1854 నాటి సొగసు.

ఇప్పుడు చూడండి. ‘రిగోలెత్తో’ అక్కడ మొదట ఆడింది 1851లో. ‘లా త్రావియాతా’ మొదటి ప్రదర్శన 1853 మార్చి 6న, ఆ రాత్రి అది నిలబడలేదు కూడా. అంటే వెర్డీ గుండె చిక్కబట్టుకుని చూసిన గోడల సింగారం ఇప్పుడు మళ్ళీ కట్టినది కానేకాదు! అతని రెండు పెద్ద రచనలు పుట్టాక వచ్చిన అలంకరణ ఇది. ‘ఉన్నట్టే’ అనే మాట తప్పని నేననను. దాని పక్కన సంవత్సరం రాయకపోవడం తప్పు.

శృతిపెట్టె:
ఈ 1854 సంగతి నేను పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ హాలు ఆకారం 1837దే కదా, నాదం దాన్నిబట్టే ఉంటుంది.

దూరదేశి:
నేను అక్కడికి వెళ్ళాను కాబట్టి రాస్తున్నాను. పక్క బాక్సులో సీటు దొరికింది, వేదిక సగమే కనిపించింది. బాక్సు అంచు మీద పూలతీగల్ని దగ్గరగా చూశాను. చూడ్డానికి చెక్కుడు పనిలా ఉంటాయి గానీ అందులో చాలావరకు కాగితపు గుజ్జు, పైన బంగారు రేకు. ఆకుల కొసలు ఇంకా పదునుగా ఉన్నాయి, నూటయాభై ఏళ్ళ మోచేతుల రాపిడి వాటికి లేదు. అది చూస్తే సున్నపుగోడ గారి బాధ అర్థమైంది. కానీ ఆ గుజ్జుని అచ్చుల్లో నొక్కి, రేకు అతికిన చేతులు ఈ కాలపువే. కొలతలు దొరకని చోట రంగులకీ, నగిషీకీ విస్కోంటి 1954లో తీసిన ‘సెన్సో’ సినిమాలో ఆ హాలు దృశ్యాల్ని ఆధారం చేసుకున్నారు. ఈ పనితనం చేతుల్లో నిలవాలంటే ఎవరో ఒకరు ఇలాంటి పని చెప్పాలి. లేకపోతే తరువాతిసారి ఏది కాలినా కట్టడానికి మనుషులుండరు.

సున్నపుగోడ:
తాళపత్రం గారూ, మీ మాట నా ప్రశ్ననే మార్చేసింది. అయినా ఒకటి వదలను. మళ్ళీ కట్టే పనికి పిలిచిన మొదటి టెండరులో గెలిచింది వాస్తుశిల్పి గాయే అవులెంతి నమూనా, 1998లో కోర్టు దాన్ని కొట్టేసింది. రెండోదైన మరో వాస్తుశిల్పి ఆల్డో రోస్సీ నమూనాకి పని దక్కేసరికి ఆయన లేడు, 1997లో కారు ప్రమాదంలో పోయాడు. ఆయన ఊహించిన రిహార్సల్ హాలు ఒకటుంది, విచెంజా ఊళ్ళో పదహారో శతాబ్దపు వాస్తుశిల్పి పల్లాదియో రూపుదిద్దిన బసిలికా అనే భవనం ముఖాన్ని చెక్కలో గోడగా నిలబెట్టాడు. పాత ఫెనీచేకి నకలు కాదు, ఆ ఊహ ఆయనదే. టిక్కెట్టు కొన్నవాళ్ళని ముందు ఆ గదిలోకి తీసుకెళ్ళి, తర్వాత పెద్ద హాలు చూపించి, తలుపు దగ్గర ‘1854, మళ్ళీ 2003’ అని రాసిపెడితే నాకు ఇంక పేచీ లేదు.