ఐ-16 మోడల్‌ను సిమ్యులేటర్‌లో ఇంత మెత్తగా చేయడం సబబేనా?

బాల్సా_బాబాయ్:
మన ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల) సిమ్యులేటర్ కోసం వచ్చిన కొత్త పోలికార్పోవ్ ఐ-16 (పాత సోవియట్ యుద్ధ విమానం) ఫైలు అందరూ ఎగరేస్తున్నారు కదా. చూడటానికి అద్భుతం, వంక పెట్టలేం. గాల్లోకి లేస్తే మాత్రం కొత్తవాళ్లు నేర్చుకునే ట్రైనర్ విమానంలా బుద్ధిగా పోతోంది. 1933 డిసెంబర్ 30న టెస్ట్ పైలట్ చకాలోవ్ మొదటిసారి ఎగరేసిన విమానం ఇలాంటిదా? ఆరు మీటర్ల పొట్టి శరీరం, బాగా వెనక్కి ఉన్న సీజీ (గురుత్వ కేంద్రం). స్టిక్ మీద చెయ్యి తీస్తే కుదురుగా ఉండేది కాదు. సోవియట్ పైలట్లకే భయం పోక, టెస్ట్ పైలట్లు విన్యాసాలు చేసి చూపించాల్సి వచ్చింది. ఆ మొండితనం తీసేశాక మిగిలింది రంగులే. సీజీ వెనక్కి జరపాలని నా వాదన.

సర్వో_శీను:
బాబాయ్, ఫైల్లో ఉన్నది మోడల్ అని మర్చిపోతున్నారు. అసలుది రెక్క చివర నుంచి చివరకు 9 మీటర్లు, ఇది మీటరున్నర. అంటే ఆరో వంతు. అసలు బరువు సుమారు 1,900 కిలోలు. లెక్క ప్రకారం 216తో (6×6×6) భాగిస్తే దాదాపు 9 కిలోలు రావాలి. ఆ సైజు మోడల్‌ను 9 కిలోలకు ఎవరు కడతారు? నాలుగు కిలోలంటేనే అమ్మో అంటాం.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. సైజు తగ్గేకొద్దీ కదలికలు త్వరగా జరుగుతాయి. ఆరో వంతు మోడల్‌లో ముక్కు ఎగసిపడటం అసలుకంటే దాదాపు రెండున్నర రెట్లు వేగంగా ఉంటుంది. చకాలోవ్ కాక్‌పిట్‌లో కూర్చున్నాడు కాబట్టి విమానం ఊగితే ఒంటికి వెంటనే తెలుస్తుంది. మనమేమో దూరంగా నేల మీద నిలబడి చూస్తాం. ముక్కు లేచిందని కంటికి తెలిసేసరికి అది సగం లూప్ తిరిగేసి ఉంటుంది. ఆనాటి పైలట్‌కి ఇచ్చిన కష్టమే మనకిస్తే, మనకు ఆయన కంటే ఎక్కువ కష్టం ఇచ్చినట్టు.

రన్‌వే_రమణి:
శీను గారి లెక్క సరే. కానీ నిజంగా ఐ-16 మోడల్ కట్టేవాళ్లు ముక్కులో సీసం ఎందుకు పెడతారు? ముక్కు పొట్టి, తోక వైపే బరువు ఎక్కువవుతుంది. అంటే మోడల్‌కూ ఆ గుణం కొంత ఉంది. ఫైల్లో ఆ సీసం బరువు ఏది? సిమ్యులేటర్‌లో మోడల్ సెట్టింగ్‌లు మార్చే ఎడిటర్ తెరిచి చూడండి, బరువు 2.2 కిలోలు. రెక్క వైశాల్యం 40 చదరపు డెసిమీటర్లు, అంటే చదరపు డెసిమీటరుకు 55 గ్రాములు. ఫోమ్ విమానం లెక్క అది. ల్యాండింగ్‌లో కిందికి దిగకుండా తేలిపోతోందని అందరూ అంటున్నది ఇందుకే. నాలుగు కిలోలు చేస్తే వంద గ్రాములవుతుంది. అప్పుడు మలుపులో స్పీడ్ పోగొట్టుకుంటే ఏమవుతుందో తెలుస్తుంది. సీజీ గొడవ తర్వాత చూద్దాం.

గాలిపటం:
నాకైతే ల్యాండింగ్ గేర్ మీదే కోపం. అసలు పైలట్ స్టిక్ ఎడమ చేతికి మార్చుకుని, కుడిచేత్తో హ్యాండిల్ 44 సార్లు తిప్పితే గానీ చక్రాలు లోపలికి పోయేవి కావు. ఇక్కడ ఒక్క స్విచ్! 🙂

సర్వో_శీను:
మోడల్‌లో కూడా ఒక్క స్విచ్చే కదండీ.

బాల్సా_బాబాయ్:
రమణి గారు, బరువు పెంచడం ఒప్పుకుంటా. అయినా సోవియట్‌లు దీనికోసం రెండు సీట్ల యూటీఐ-4 వేరుగా ఎందుకు చేశారు? నేర్చుకుంటే గానీ లొంగదు కాబట్టి. సిమ్యులేటర్ ఉన్నదీ నేర్చుకోవడానికే. ఇక్కడ కూలితే రీసెట్ నొక్కితే చాలు, జేబుకు చిల్లు పడదు. ఇక్కడే భయపడితే ఇంకెక్కడ నేర్చుకుంటాం?

సర్వో_శీను:
నేర్చుకునేది రేపు మైదానంలో ఎగరేసే మోడల్ కోసం అయితే ఆ మోడల్‌లా ఉండాలి. సీసం పెట్టి ఎవరూ సీజీని కావాలని వెనక ఉంచరు. లేని జబ్బుకు ఇక్కడ అలవాటు పడితే, అక్కడ చెయ్యి తప్పుగా పోతుంది.

రన్‌వే_రమణి:
ఇద్దరూ ఎడిటర్‌లో ఇంకో పేజీ తిప్పండి. జైరో (విమానం ఊగితే తనే సరిచేసేది) ఆన్‌లో ఉంది, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక భాగం) మీద 60 శాతం ఎక్స్‌పో (స్టిక్ కొద్దిగా కదిపితే స్పందన తగ్గించే సెట్టింగ్)! బుద్ధిగా పోక ఏం చేస్తుంది? జైరో ఆపి, ఎక్స్‌పో 25కి దించి, బరువు 4 కిలోలు పెట్టి పక్కగాలిలో రెండు ల్యాండింగ్‌లు చేసి రండి. సీజీని మాత్రం ముట్టుకోకండి.