ఆర్ఓ వేస్టు నీళ్లు మొక్కలకు పోయొచ్చా, పోయకూడదా?

గడపముగ్గు:
ఇంట్లో ఆర్ఓ ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్లు ఇస్తూ దాదాపు మూడు లీటర్లు సింకులోకి వదిలేస్తుంది. పట్టి మిద్దెతోటకు వాడమని కొందరు, వాడితే మట్టి పాడైపోతుందని కొందరు. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) 700 ఉన్న ఇంటికి ఏది సరైనది? లెక్కతో చెప్పండి. "మేం పోస్తున్నాం, బాగానే ఉంది" లాంటి జవాబులు వద్దు.

కుండీల కాపరి:
కుండీలకు వద్దండి. 4 లీటర్ల బోరు నీళ్లలో 2800 మిల్లీగ్రాముల లవణాలు. 60 టీడీఎస్‌తో ఒక లీటరు మంచినీళ్లు బయటికొస్తే, మిగతా 2740 ఆ మూడు లీటర్లలోనే ఉంటాయి. అంటే వేస్టు నీళ్ల టీడీఎస్ సుమారు 913. రోజుకో లీటరు పోస్తే నెలకు కుండీలోకి 27 గ్రాములు చేరతాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు. మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు ఎండిపోతాయి. చిక్కుడు జాతి, నిమ్మ, గులాబీ ముందు దెబ్బతింటాయి.

కొలపాత్ర:
లెక్క సరిగ్గానే ఉంది, సగమే చెప్పారు. అదే కుండీకి నేరుగా బోరు నీళ్లు పోస్తే నెలకు ఎంత? 21 గ్రాములు. తేడా 6 గ్రాములు. 700 నీళ్లతో పెరుగుతున్న మొక్క 913తో ఒక్కసారిగా చచ్చిపోదు. అసలు తప్పు నీళ్లు పోసే తీరులో ఉంది. పై మట్టి తడిసేలా కాసిని పోసి వదిలేస్తే ఏ నీళ్లయినా ఉప్పు పేరుస్తాయి. పోసిన దాంట్లో కనీసం అయిదో వంతు అడుగు రంధ్రం నుంచి కారాలి. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి, లేదంటే మట్టి మళ్లీ పైకి పీల్చుకుంటుంది. వానాకాలంలో కుండీలను గోడ వారన దాచకుండా వానలో తడవనిస్తే చాలా ఉప్పు కడుక్కుపోతుంది.

కుండీల కాపరి:
అయిదో వంతు కారేలా పోయాలంటే ఇంకా ఎక్కువ నీళ్లు కావాలి. మిగుల్చుతున్నది ఏముంది మరి? పైగా టీడీఎస్ మీటరు మొత్తం లవణాలనే చూపిస్తుంది, అవి సోడియమా కాల్షియమా అన్నది చెప్పదు. అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే కాల్షియం, మెగ్నీషియం తీసేసి సోడియం వదులుతుంది. ఆర్ఓ దాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. ఆ నీళ్లు బంకమట్టిలో పోస్తే మట్టి గట్టిపడి నీరు ఇంకదు. అలాంటి ఇంట్లో ఒక్క చుక్క కూడా మొక్కలకు వద్దు.

కొలపాత్ర:
సాఫ్ట్‌నర్ మాట ఒప్పుకుంటాను.

స్పానర్:
మొక్కల సంగతి తర్వాత, ముందు ఆ మూడు లీటర్లను తగ్గించొచ్చా చూడండి. మెషిన్ నడుస్తున్నప్పుడు మంచినీళ్ల పైపు ఒక కొలజాడీలో, వేస్టు పైపు ఇంకో దాంట్లో పెట్టి ఒక నిమిషం పట్టండి. 150 మిల్లీలీటర్లకు 450 వేస్టు వస్తే ఒకటికి మూడు. వేస్టు లైనులో ధారను అదుపు చేసే చిన్న భాగం, ఫ్లో రిస్ట్రిక్టర్ మీద 300, 450 అని నంబరు ఉంటుంది. 450 తీసి 300 వేస్తే ఒకటికి రెండు అవుతుంది. టీడీఎస్, గట్టిదనం తక్కువున్న నీళ్లకే ఈ మార్పు. 700 బోరు నీళ్లకు వేస్తే మెంబ్రేన్ (ఉప్పును వడకట్టే పొర) మీద సున్నం పేరుకుని త్వరగా చెడిపోతుంది. మిగిలిన నీళ్లకంటే మెంబ్రేన్ ఖర్చే ఎక్కువవుతుంది.

ఇంకొకటి చాలామంది చూడరు. ట్యాంకు నిండి మోటారు ఆగాక వేస్టు పైపును గ్లాసులో అయిదు నిమిషాలు పెట్టండి. ధార ఆగకపోతే మోటారు ఆగగానే నీళ్లను ఆపాల్సిన సోలినాయిడ్ వాల్వ్ మూసుకోవట్లేదని అర్థం. మేడ మీది ట్యాంకు ఒత్తిడికి నీళ్లు రాత్రంతా సింకులోకి పోతుంటాయి. దాని ముందు ఈ మూడు లీటర్ల గొడవ చిన్నది.

సంపు గోల:
ఇంత తలనొప్పి దేనికి, వేస్టు పైపు సంపులోకే మళ్లించేస్తే?

కుండీల కాపరి:
అస్సలు వద్దు. తిరిగి తిరిగి అదే ఉప్పు పెరిగిపోతుంది.

కొలపాత్ర:
అందరూ అదే అంటారు, లెక్క వేస్తే అలా రాదు. ఇంటికి రోజుకు 510 లీటర్లు వస్తాయనుకోండి. అందులో 10 లీటర్లు తాగడానికి తీసి, 500 లీటర్లు స్నానానికి, గిన్నెలకు, బట్టలకు వాడేస్తారు. ఆ 500 లీటర్లతో పాటు ఉప్పు కూడా బయటికి పోతుంది. సంపు నీళ్ల టీడీఎస్ 713 దగ్గర ఆగుతుంది. ఉప్పు విపరీతంగా పెరిగేది ఆర్ఓకు మాత్రమే నీళ్లిచ్చే చిన్న ట్యాంకులోకి మళ్లించినప్పుడు.

స్పానర్:
లెక్కకు సరే, పనికి కాదు. పైపును మేడ మీదికి ఎక్కిస్తే ప్రతి 10 మీటర్లకు దాదాపు ఒక బార్ ఎదురు ఒత్తిడి పడుతుంది. వేస్టు ధార తగ్గి, మెంబ్రేన్ మీద ఉప్పు కూర్చుంటుంది. కింది సంపుకైతే పర్లేదు, కానీ పైపు కొస నీళ్లలో మునగకూడదు, పైన ఖాళీ వదలాలి. కొసలో నాచు పట్టకుండా చూసుకోవాలి.

నల్లా నీళ్లు:
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇంట్లో ఆర్ఓ ఎందుకు? తాగునీటి భారతీయ ప్రమాణంలో టీడీఎస్‌కు కోరదగిన హద్దు 500, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్ఓలను నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. మీటరు 250 చూపే నీళ్లకు యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే ఫిల్టరు) చాలు. అక్కడ వేస్టు అన్న మాటే ఉండదు.

కుండీల కాపరి:
నది నీళ్లకు సరే. నల్గొండ లాంటి చోట బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, దాన్ని మీటరు విడిగా చూపదు, యూవీ తీయదు. ల్యాబులో పరీక్ష చేయించకుండా ఆర్ఓ పీకేయొద్దు. ఆ వేస్టులో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది, పశువులకు పెట్టొద్దు, వంటకు అసలే వద్దు.

కొలపాత్ర:
మొదటి ప్రశ్నకు నా జవాబు: 913 నీళ్లు ముందు టాయిలెట్ ఫ్లష్‌కు, నేల తుడవడానికి. చివరి తుడుపు మామూలు నీళ్లతో, లేకపోతే టైల్స్ మీద తెల్లమరకలు. మిగిలినవి నేలలో ఉన్న కొబ్బరికి, సపోటాకు పోయండి, రెండూ ఉప్పును బాగానే తట్టుకుంటాయి. డబ్బాకు మూత పెట్టండి, దోమ గుడ్లు పెడుతుంది.

కుండీల కాపరి:
నేలకు ఒప్పుకుంటా. కుండీకి మాత్రం సగానికి సగం వాన నీళ్లు కలిపితేనే.