కచేరీలో రిస్ట్‌బ్యాండ్ వెలిగితే మనం పాల్గొన్నట్టేనా?

కర్నూలు కుర్రోడు:
మా కాలేజీ వార్షికోత్సవంలో పాటల రాత్రికి, దూరం నుంచే వెలిగించి ఆర్పే మూడు వేల ఎల్‌ఈడీ రిస్ట్‌బ్యాండ్లు అద్దెకు తెద్దామని సగం మంది, ఆ డబ్బుతో మంచి సౌండ్ పెట్టిద్దామని సగం మంది. 2025 జనవరిలో అహ్మదాబాద్‌లో జరిగిన ఇంగ్లండ్ రాక్ బృందం కోల్డ్‌ప్లే కచేరీ వీడియోలు చూసినప్పటి నుంచి నాకైతే బ్యాండ్లే కావాలనిపిస్తోంది. స్టేడియమంతా ఒకేసారి రంగు మారుతుంటే ఒళ్ళు జలదరించింది. మీరేమంటారు?

హోళగుంద అన్న:
వద్దు తమ్ముడూ. పట్టీ మన చేతికి, స్విచ్ ఎవరి చేతిలోనో. మా దేవరగట్టులో దసరా రాత్రి దివిటీ పట్టినోడు తనకు తోచినప్పుడు ఎత్తుతాడు, తోచినప్పుడు దించుతాడు. పాల్గొనడమంటే నా లెక్కలో అదీ. ఇక్కడ మనం బల్బులం, అంతే.

అనంతపురం లైట్‌మన్:
అన్నా, పన్నెండేళ్ళుగా జాతరలకు, పెళ్ళిళ్ళకు లైటింగ్ వేస్తున్నా. స్టేజీ ఎక్కి చూడు, మూడో వరుస దాటితే అంతా చీకటే. పాడేవాళ్ళకు వెనకాల జనం ఉన్నారో లేరో తెలీదు. బ్యాండ్లు వెలిగితే గోడ పక్కన నిలబడినోడు కూడా కనిపిస్తాడు. అది చిన్న విషయమా?

తమ్ముడూ, తెచ్చేముందు ఏ రకమో అడుగు. ఇన్‌ఫ్రారెడ్ రకం టీవీ రిమోట్ లాంటిదే. స్టేజీ దగ్గరి ట్రాన్స్‌మిటర్ కాంతి బ్యాండుకు తగలాలి, ఫుల్‌హ్యాండ్ చొక్కా కిందికి పోతే ఆరిపోయినట్టే. కానీ కాంతిని ఒక మూలకే తిప్పొచ్చు కాబట్టి అలలు, గీతలు బాగా వస్తాయి. రేడియో రకానికి అడ్డం ఉన్నా ఫరవాలేదు. ఎండ పూర్తిగా దిగకముందే మొదలుపెడితే మాత్రం ఏ రకమైనా దండగే.

కడప అక్క:
వెలుగు సంగతి సరే, రాత్రి పన్నెండుకు ఆ బ్యాండ్లు ఎక్కడుంటాయి? పోయినేడు ఒక ఫంక్షన్‌లో ఇలాంటివే పంచారు. మరుసటి రోజు మా చెల్లెలి మూడేళ్ళ కొడుకు గుప్పిట విప్పితే రూపాయి బిళ్ళలా మెరుస్తూ బటన్ సెల్, అదే బ్యాండులో పెట్టే చిన్న గుండ్రటి బ్యాటరీ. పట్టీ పగిలి బయటపడింది. నా కాళ్ళు వణికాయి. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలడం మొదలవుతుంది. మింగాడని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. వార్షికోత్సవానికి అక్కలూ వదినలూ పిల్లల్ని ఎత్తుకుని రారా?

కోల్డ్‌ప్లే వాళ్ళే బ్యాండ్లు వెనక్కి తీసుకుంటారు, ఏ ఊళ్ళో ఎంత శాతం తిరిగొచ్చాయో తెరమీద చూపిస్తారు. మీరు ఇరవై రూపాయలు డిపాజిట్ పెట్టండి. గేటు దగ్గర లెక్కపెట్టి తీసుకోండి. సెల్ మూతకు స్క్రూ లేని బ్యాండ్ అసలు తేవద్దు.

కర్నూలు కుర్రోడు:
అక్కా, స్క్రూ సంగతి నాకు తట్టనే లేదు. రేపే ఒక బ్యాండ్ తెప్పించి విప్పి చూస్తా. డిపాజిట్ లెక్క చూసుకోవడానికి మనుషులు దొరక్కపోతే బ్యాండ్లు మానేస్తాం.

హోళగుంద అన్న:
తెస్తే ఒక్క పాటకైనా కంట్రోల్ ఆపించు తమ్ముడూ. ఆ చీకట్లో జనం చేతులు ఏం చేస్తాయో చూసి ఇక్కడ రాయి.