1814లో నెపోలియన్ సంధికి ఎందుకు ఒప్పుకోలేదు?

చరిత్ర బాగా చదివినవాళ్లు కాస్త చెప్పండి. 1814 ఫిబ్రవరిలో నెపోలియన్ దగ్గర ఉన్నది కొద్దిపాటి సైన్యం, అందులోనూ చాలామంది మీసాలు కూడా రాని కుర్రాళ్లు, అయినా ఆరు రోజుల్లో నాలుగు యుద్ధాలు గెలిచి ప్రష్యా సేనాని బ్లూషర్‌ని వెనక్కి తరిమాడు. ఆ సమయంలోనే షాటియోన్ అనే ఊళ్లో శత్రు దేశాలతో సంధి చర్చలు జరుగుతున్నాయి, ఫ్రాన్స్ 1792 నాటి సరిహద్దులకు ఒప్పుకుంటే సింహాసనం దక్కేదే కదా!

నాకు అర్థం కానిది మార్చి 20న ఆర్సీ అనే ఊరి దగ్గర యుద్ధంలో జరిగింది. వత్తి కాలుతున్న గుండు ఎదురుగా పడితే సైనికులు బెదిరిపోతుంటే, ఈయన గుర్రాన్ని నేరుగా దాని మీదికే నడిపించాడట. గుర్రం చచ్చింది, ఈయన పొగలోంచి లేచి ఇంకో గుర్రం ఎక్కాడు. పది రోజులు తిరిగేసరికి పారిస్ పోయింది.

ఇది ధైర్యమా, చావు కోరుకోవడమా? నిజంగా గెలుస్తాననే అనుకున్నాడా? మొండితనం అని ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్, అది నాకూ తెలుసు.