సీసాలో సీసం ఎటు పోతోంది?

నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు కోసం హనుమకొండ నయీంనగర్ నాలా నీళ్లు ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టుకొచ్చి, సీసం కొలిచే పద్ధతి సరిచూద్దామని లీటరుకు 50 మైక్రోగ్రాముల సీసం నేనే కలిపాను. అదే రోజు రీడింగ్‌లో, కలపని నీళ్లది తీసేస్తే, 48 వచ్చింది. నాలుగో రోజుకి 31! సీసాలో సీసం మాయం, గైడ్ గారి ముందు నాకు చెమటలు.

సీసం నీళ్లలో కరిగే ఉండేలా నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించలేదు, తప్పు నాదే. సీసం అయాన్లు బాటిల్ గోడకు, అడుగున పేరుకున్న ఒండ్రుకు అతుక్కుని ఉంటాయి. ఇప్పుడు అదే బాటిల్‌లో యాసిడ్ వేసి ఒక రోజు ఉంచితే గోడకు పట్టింది వదులుతుందా? వదిలినా, ఒండ్రులో ముందే ఉన్న సీసం కలిసి లెక్క తప్పదా? కరిగిన సీసమే కావాలంటే నాలా దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, ఆ తర్వాతే యాసిడ్ వేయాలి కదా? ఫిల్టర్ కూడా కొంత పట్టేసుకుంటుందా? చేసినవాళ్లు చెప్పండి. శుక్రవారం మళ్లీ నీళ్లు పట్టాలి.